మనేద

రాయదుర్గంలో జీన్సు కుట్టే ఆడవాళ్ళు
నలభై ఇద్దరి గొంతులు నా ఫోన్లో ఉన్నాయి.
వెనక మిషన్ల రొద,
ఎవరి బిడ్డదో దగ్గు,
జిప్పుల డబ్బా కింద పడి దొర్లిన చప్పుడు.
"నిద్ర పడతాందా అక్కా?" అని నేను.
"పడతాది" అని వాళ్ళు.

అనంతపురంలో, హాస్టలు గదిలో
ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా
చెనిక్కాయల పొట్లం బరువు పెట్టి
ఆ గొంతుల్ని ఏఐకి ఇచ్చాను.
రెండు నెలల పని
టీ చల్లారేలోపు చేసిపెట్టింది.
ఒప్పుకోవాలి, ముచ్చటేసింది.

పదిహేడో వరుస. వన్నూరమ్మ అందాం.
"మా నేల ఉండాది పాపా,
రాత్రైతే గొంతుకాడికి వస్తాది."
పక్క గడిలో: భూమి సమస్య.

నేల గొంతుదాకా రావడమేమిటి?
మూడుసార్లు విన్నాను.
ఆమె అన్నది
మనేద.
మనేద ఉండాది.

నా ప్రశ్నాపత్రంలో ఎక్కడా లేని మాట.
విచారం అంటే సరిపోదు.
డిప్రెషన్ అంటే ఆమెది కాకుండా పోతుంది.

చోద్యమేమంటే
ఆమెకు నిజంగానే నేల ఉండేది.
రికార్డరు ఆపినాక, నేను చెప్పులేసుకుంటుంటే
గుమ్మంలో నిలబడి చెప్పింది.
ఎన్నెకరాలో, ఏ దోవలోనో,
ఎన్ని బోర్లు మింగాయో
ఇక్కడ కూడా చెప్పను.
మిషను తప్పు విని నిజం రాసింది.
అయినా అది
ఆమె నా చేతికివ్వని నిజం.
చెరిపేశాను.
ఖాళీ గడిలో కర్సరు
చాలాసేపు కొట్టుకుంటూనే ఉండింది.

"నలభై రెండు చాలదమ్మా" అన్నారు మా గైడు.
"ఇంకో రెండొందల మందిని దాంతోనే పుట్టించు,
అచ్చం వీళ్ళలాగే జవాబులిస్తారు."
చూద్దామని ఒకామెను పుట్టించాను.
చక్కగా మాట్లాడింది.
ఒత్తిడి ఉందంది, ఇంట్లోవాళ్ళు తోడున్నారంది.
నీళ్ళ ట్యాంకరు వచ్చిందని
సగం మాటలో బిందె తీసుకుని పరిగెత్తలేదు.
బొటనవేలి గోట్లో సూది దిగిన మచ్చ లేదు.
ఆమెను వాళ్ళ పక్కన కూర్చోబెట్టలేను సార్, అన్నాను.
సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

అలాగని దాన్ని ఆడిపోసుకోను.
నిద్ర సంగతి అడిగిన ప్రతిచోటా
జవాబు లేదు, ఆరు సెకన్లు,
జవాబు లేదు, ఏడు సెకన్లు
అని లెక్కగట్టింది అదే.
నా చెవి వాటిని దాటేసింది.
వెనక్కి తిప్పి విన్నాను.
ఆ సందులో మిషను చప్పుడు లేదు.
కాలు ఆపి,
ఊపిరి ఒకటి మింగి,
అప్పుడన్నారు "పడతాది" అని.

కల్యాణదుర్గం మీదుగా బస్సులో మళ్ళీ పోయాను.
సంతకాలు పెట్టించుకున్న కాగితంలో
ఒక మాట లేదు.
ఇచ్చేముందు అడగాల్సింది, ఇచ్చాక అడిగాను:
"నీ గొంతు నేనొక్కదాన్నే వినలేదక్కా."

"ఇనినాక ఎవురికన్నా చెప్తాదా?"
"చెప్పదనుకుంటా."
"అనుకుంటావా?"

పడిశం పట్టిన బల్బు వెలుగులో
బొటనవేలు చూపించింది.
"ఈ మిషనుకు గుడ్డేదో ఏలేదో తెలీదు పాపా.
దాన్నేం అంటాం?
కాలు నాది గదా."

తర్వాత, మెల్లిగా,
"నాది తీసెయ్" అంది.

తీసేశాను, ఆమె ముందే.
ఫోన్లోది, కంప్యూటర్లోది.
ఏఐ దగ్గర ఏం మిగిలిందో
నాకు తెలీదని కూడా చెప్పాను.

ఇప్పుడు నలభై ఒకటి.
ఒకరు వైదొలిగారు అని
అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

గడప దిగి నిలబడ్డాను.
లోపల మిషను నిశ్శబ్దంగా ఉంది.
నాకు తెలీకుండానే లెక్కపెడుతున్నాను.
ఏడు దాటింది.
తొమ్మిదో పదో అయ్యాక
మొదలైంది.